ఉప్పు చూసే చెయ్యి

సంరిత్ చేసిన పని తవిన్ చచ్చేదాకా మర్చిపోడు. పరాయివాడు కాదు, సొంత బావమరిది. తన పెళ్ళినాటికి ముక్కు తుడుచుకోవడం కూడా రాని వెధవ. ఇప్పుడు ఊరి ఆరోగ్య కార్యకర్తనంటూ మెడలో కార్డు తగిలించుకుని, తనతో ఒక్క మాట చెప్పకుండా అక్క పేరు పట్టుకెళ్ళి పొట్ట స్కానింగ్ బండి జాబితాలో రాశాడు. అదీ ఎప్పుడు? నాట్ల వారంలో. బుధవారం బండి వస్తుంది. గురువారం తవిన్ పొలంలో నాట్లు. ఇరవైరెండు మందికి వండి పెట్టాల్సిన మనిషిని, ముందురోజు పొద్దున ఖాళీ కడుపుతో బౌద్ధ విహారం ముందు వరసలో కూర్చోబెడతాడట.

ఈ సంగతి సోమవారం పొద్దున ఫాన్ మామ మడిలో నారు తీస్తుండగా తెలిసింది. సంరిత్ గట్టు మీద నిలబడి, సంచిలోంచి కాగితాలు తీసి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"బావా, బుధవారం ఏడింటికి. అక్క ఏమీ తినకుండా రావాలి."

తవిన్ చేతిలో ఉన్న నారు పిడికిలిని ఎత్తిపెట్టిన పాదానికేసి రెండు దెబ్బలు కొట్టాడు. నారు వేళ్ళకున్న మట్టి ఊడి నీళ్ళలో పడింది. వెదురు నారతో కట్ట కట్టి పక్కన పడేశాక గానీ తల ఎత్తలేదు.

"ఎవర్నడిగి రాశావ్?"

"అక్కనే అడిగాను."

"అక్కనడిగితే సరిపోయిందా? ఆ ఇంట్లో నేనేమన్నా అద్దెకుంటున్నానా?"

మడిలో నవ్వులు లేచాయి. ఉతిట్ అందరికంటే గట్టిగా నవ్వాడు. వాడికి ఎవరింట్లో గొడవైనా పండగే.

"పచ్చి చేప తినేది నేను," అన్నాడు తవిన్. "రాస్తే నా పేరు రాయాలి. అది ఏనాడైనా మగాళ్ళ చాప మీద కూర్చుందా? దానికెందుకురా బండి?"

"నీ పేరూ రాశాను బావా. ఎలాగూ రావని పెన్సిల్‌తో రాశాను."

"నాకేం కర్మ? ఏటేటా నాట్లవగానే పురుగుల మాత్రలు మింగుతున్నాను. ఇప్పటికి పదకొండుసార్లు. నా కడుపు కడిగిన గిన్నె."

"కడిగిన గిన్నెలో మళ్ళీ అదే వేస్తున్నావు కదా."

"ఒరేయ్ సంరిత్," అన్నాడు ఉతిట్ నడుం నిలబెట్టి, "మీ బావ కడుపులో ఏ పురుగూ కాపురం చెయ్యదురా. ఆ సారా కంపుకి సామాను సర్దుకుని పోతుంది."

ఫాన్ మామకి డెబ్బై దాటాయి. ఆయన నారు తీస్తూనే, "నిమ్మరసం పిండితే ఉడికినట్టేరా అబ్బాయ్. తెల్లబడుతుంది చూడు," అన్నాడు.

"తెల్లబడుతుంది మామా. పురుగే చావదు."

 సంరిత్ కాగితాలు సంచిలో పెట్టుకుని, గట్టు మీద జారకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయాడు. వాడు పోతుంటే తవిన్ వాడి వీపుకేసి చూసి నీళ్ళలో ఉమ్మేశాడు.

చుట్టుపక్కల ఊళ్ళన్నీ నాట్లు మాని విత్తనం వెదజల్లడానికి దిగిపోయాయి. ఈ ఊళ్ళో ఇరవైరెండు ఇళ్ళు మాత్రం ఇంకా బదులు పని వదల్లేదు. తొలకరికి చీట్లు వేసుకుంటారు. ఏ రోజు ఎవరి పొలమో అప్పుడే తేలిపోతుంది. ఇంటికొక మనిషి ఇరవైరెండు పొలాల్లోనూ వంగుతాడు. వంగినందుకు కూలి ఉండదు. పొలం గల ఆసామి మధ్యాహ్నం చాప పరిచి, జిగురన్నం, కోయ్‌ప్లా, తెల్ల సారా పెడతాడు. పచ్చి చేపని సన్నగా తరిగి, నిమ్మరసం పిండి, కారం, వేయించిన బియ్యప్పొడి కలిపేదే కోయ్‌ప్లా. ఆ రోజు తప్పిందంటే మళ్ళీ చీట్ల చివరికి పోవాలి. తవిన్ నారుకి ఇప్పటికే ముప్పై ఆరు రోజులు. ఇంకో వారం ఆగితే కణుపు కడుతుంది, నాటినా పిలక పెట్టదు.

మధ్యాహ్నం ఫాన్ మామ గుడిసె దగ్గర తవిన్ పెళ్ళాం పికున్ చేప తరుగుతోంది. ఆ ముసలాయన పెళ్ళాం చేతులు వణుకుతాయని కాదు, ఈ ఊళ్ళో ఎవరి పొలంలో నాట్లయినా కోయ్‌ప్లా కలపడానికి పికున్‌నే పిలుస్తారు. తవిన్‌కి అదొక గొప్ప. మరొకరు కలిపితే మగాళ్ళు సగం చాప మీదే వదిలేసి లేస్తారు.

చెరువు పరిగెలు, వేలెడంత పొడుగువి. తల తీసి, పొలుసు గీకి, చింతమొద్దు మీద కత్తితో టకటకా కొట్టింది. ముల్లు కనపడకుండా మెత్తబడ్డాక పళ్ళెంలోకి తీసి ఆరు నిమ్మకాయలు పిండింది. ఎర్రగా ఉన్నది పాలిపోయింది. పిసికి, ఊరిన నీళ్ళు వేరే గిన్నెలోకి వంచి, కారం వేసి, చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. పులుపు చాల్లేదు. ఇంకో కాయ పిండింది. పులిసిన చేపనీళ్ళు గరిటెడు పోసి, మళ్ళీ చిటికెడు. బియ్యప్పొడి, ఉల్లికాడ, పుదీనా వేసి కలిపి, మూడోసారి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుని ఆగింది. తల ఊపింది. ఆ తల ఊపు కోసమే మగాళ్ళు కాళ్ళు కడుక్కుని కాచుకుని ఉన్నారు.

పళ్ళెం చాప మీదకి వెళ్ళింది. పికున్ వెనక పొయ్యి దగ్గర కూర్చుని, బుట్టలోంచి అన్నం ముద్ద తీసి, కాల్చిన మిరపకాయ పచ్చట్లో అద్ది రెండు ముద్దలు తిని బుట్ట మూసేసింది. ముంజేతులు గోక్కుంటోంది.

"ఏంటే, దోమలా?" అన్నాడు తవిన్ సారా గ్లాసు అందుకుంటూ.

"ఏమో. వారం నుంచీ ఇంతే."

*

మంగళవారం సాయంత్రం ఇద్దరూ చెరువులో చేపలు పడే మావులు ఎత్తారు. తవిన్ ఎత్తి కుమ్మరిస్తే పికున్ బకెట్లోకి ఏరింది. గురువారానికి కనీసం ఎనిమిది కిలోలు కావాలి. మూడో మావు దగ్గర ఆమె గట్టు మీద కూర్చుండిపోయింది. కుడిచెయ్యి డొక్క కింద పెట్టుకుంది.

"ఇక్కడ బరువుగా ఉంటోందయ్యా. అందుకే తమ్ముడు అడిగితే రాసుకోమన్నాను."

"నాట్ల రోజుల్లో బరువుగా లేనిదెవరికి? నా నడుం అడుగు, చెబుతుంది."

ఆమె బకెట్లోంచి ఎగిరిపడిన చేపని తీసి మళ్ళీ లోపల వేసింది.

"సరే, పోయిరా," అన్నాడు కాసేపాగి. "పన్నెండు లోపల ఇంట్లో ఉండాలి. బియ్యప్పొడి దంచాలి, సామాన్లు తేవాలి. నేనూ వస్తా. వాడి పెన్సిలు రాతని పెన్నుతో దిద్దిస్తా. నా కడుపులో ఏమీ లేదని డాక్టరు నోటితో చెప్పిస్తే గానీ నీ తమ్ముడి నోరు మూతపడదు."

"నోరు మూయించడానికా వస్తున్నావ్?"

"మరి దేనికనుకున్నావ్?"

పికున్ నవ్వింది. నవ్వితే కళ్ళ తెలుపులో పసుపు కనపడింది. పొద్దు వాలే వేళ చెరువు మీద వెలుగు అలాగే ఉంటుందనుకున్నాడు.

*

బుధవారం విహారం ముందు రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు వరసలు. అందరూ ఖాళీ కడుపులతో ఉన్నారేమో మాటలు తక్కువగా ఉన్నాయి. సంరిత్ నంబర్లు పిలుస్తూ, ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని బండి మెట్లు ఎక్కిస్తున్నాడు. బావని చూశాడు. జాబితాలో పెన్సిలు రాత మీద పెన్నుతో దిద్దాడు.

బండిలో పడుచు డాక్టరమ్మ. తవిన్ చొక్కా పైకెత్తి పడుకుంటే పొట్ట మీద చల్లటి జిగురు పూసి, చిన్న యంత్రాన్ని పక్కటెముకల కింద నొక్కి నడిపింది.

"ఊపిరి పీల్చి బిగబట్టండి. పచ్చి చేప తింటారా బాబాయ్?"

"తింటాను. దాచేదేముంది? ఏటా మాత్రలు కూడా వేసుకుంటాను."

"మాత్ర వేసుకున్నాక మళ్ళీ తింటారా?"

"మాత్ర వేసుకునేదే అందుకు కదమ్మా."

ఆమె నవ్వలేదు. తెర అతని వైపు తిప్పింది. బూడిద రంగు పొగలో తెల్లటి గీతలు.

"ఇవి కాలేయంలో పైత్యరసం పారే గొట్టాలు. పురుగులు ఇందులో కాపురముంటాయి. మీకు ఇప్పుడు లేకపోవచ్చు. మాత్ర వాటిని చంపుతుంది. కానీ అవి కరిచి, గీకి చేసిన పుండుని మాత్ర మాన్పదు. పుండున్న చోట వాస్తుంది. వాపు తీసేలోపు మీరు మళ్ళీ తింటారు, మళ్ళీ పురుగు, మళ్ళీ వాపు. ఇరవై ఏళ్ళు వాచి, మాని, వాచి, మానిన చోట కండ దారి తప్పుతుంది. మానడం కోసం పెరిగే కండ, ఇక ఆగడం మర్చిపోతుంది. అదే క్యాన్సరు. మీకు గొట్టాల చుట్టూ మందం కట్టింది. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోవాలి. తినడం ఆపాలి."

తవిన్‌కి వాళ్ళ నాన్న దున్న గుర్తొచ్చింది. కాడి రాసుకుని మెడ మీద పుండు పడేది. పసుపు పూస్తే మానేది. మానగానే మళ్ళీ కాడి. చివరికి అక్కడ రాయిలాంటి గడ్డ కట్టింది. అయినా డాక్టరమ్మ చెప్పినదాంట్లో తనకి కావలసిన ముక్క తను పట్టుకున్నాడు. పొట్ట తుడుచుకుంటూ తెర పక్కనున్న సంరిత్‌తో అన్నాడు.

"విన్నావా? పురుగు లేదంట."

"విన్నాను బావా. అంతా విన్నాను. నువ్వే సగం విన్నావ్."

తర్వాత పికున్ పడుకుంది. తవిన్ గుమ్మం దగ్గర ఆగాడు. డాక్టరమ్మ ఒకే చోట యంత్రాన్ని నొక్కి ఉంచింది. తీసింది. మళ్ళీ అక్కడే పెట్టింది. వెనక గదిలోంచి పెద్ద డాక్టరుని పిలిచింది. ఇద్దరూ తెర మీద వేలితో ఏదో కొలిచారు. తనకైతే మూడు నిమిషాలు పట్టింది. ఇక్కడ పావుగంటైంది.

"పచ్చి చేప తింటారా అమ్మా?"

"లేదమ్మా. మగాళ్ళు తింటారు. నేను చాప మీద కూర్చోను."

"ఎప్పుడూ తినలేదా?"

"ఒక్కనాడు కూడా పళ్ళెం ముందు కూర్చోలేదు."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాయబోయింది. సంరిత్ మెల్లగా అన్నాడు.

"అక్కా, కోయ్‌ప్లా ఉప్పు ఎవరు చూస్తారు?"

పికున్ తల తిప్పి తమ్ముడి వైపు చూసింది. "నేనే. ఇంకెవరు చూస్తారు?"

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "ఎన్నిసార్లు చూస్తారు?"

"పులుపుకోసారి. ఉప్పుకోసారి. అన్నీ కలిపాక ఇంకోసారి. చూడకపోతే ఎట్లా కుదురుతుందమ్మా?"

"రోజూనా?"

"నాట్లప్పుడు రోజూ. కోతలప్పుడూ. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి పిలుస్తారు."

"ఎన్నేళ్ళుగా?"

"కాపురానికొచ్చినప్పట్నుంచీ. ఇరవై తొమ్మిదేళ్ళు."

"మాత్ర ఎప్పుడన్నా వేసుకున్నారా?"

పికున్‌కి ఆ ప్రశ్న అర్థం కానట్టుంది. మొగుడి వైపు చూసింది.

"తిన్నవాళ్ళకి కదా మాత్ర," అంది.

పదకొండుసార్లు. సంతలో మందుల కొట్టుకి వెళ్ళిన ప్రతిసారీ తవిన్ ఒక మనిషికే అడిగాడు. కొట్టువాడు బరువెంత అని అడిగితే తన బరువే చెప్పాడు. ఇంటికొచ్చి, నీళ్ళు తెమ్మని పికున్‌నే పిలిచాడు. ఆమె గ్లాసు పట్టుకుని, అన్నీ మింగేదాకా పక్కనే నిలబడేది.

పెద్ద డాక్టరు తవిన్‌ని లోపలికి పిలిచాడు. కుడివైపు గొట్టంలో ఒక మచ్చ ఉందని, అదేమిటో ఖోన్‌కేన్ పెద్దాసుపత్రిలో పెద్ద యంత్రం కింద చూస్తే గానీ చెప్పలేమని, రేపు పొద్దున ఆరింటికి ఆసుపత్రి వ్యాను వస్తుందని, అందులో ఒక్క చోటు ఖాళీ ఉందని చెప్పాడు.

"రేపు కాకపోతే?" అన్నాడు తవిన్.

"మూడు వారాల తర్వాత. ఆగకపోతే మంచిది."

పికున్ అప్పటికే లేచి కూర్చుంది. "రేపు మా నాట్లండీ. ఇరవైరెండు మంది వస్తారు. అవయ్యాక వెళ్తాను. మూడు వారాలేగా," అంది. జాకెట్టు అంచుకి జిగురు అంటిందని దాన్నే తుడుస్తోంది.

ఆ మాట తను అనకుండానే ఆమే అనేసినందుకు తవిన్‌కి గుండెల్లో బరువు దిగింది. దిగిన మరుక్షణమే, అది దిగిందని సంరిత్ చూశాడని తెలిసింది.  తిడితే బాగుండేది, తిరిగి తిట్టొచ్చు. వాడు బల్ల మీదున్న కాగితపు రుమాలు తీసి అక్క చేతికిచ్చాడంతే.

ఆమె దాంతో పొట్ట తుడుచుకుంది. పొట్ట మీద చర్మమంతా గోళ్ళ గీతలు, ఎండిన రక్తం. ఇంట్లో ఎన్నాళ్ళుగా గోక్కుంటోందో.

"రేపే వెళ్తుంది," అన్నాడు తవిన్.

"వంట?" అంది పికున్.

"నాకు చేతుల్లేవా?"

"నీకు చేప తరగడం కూడా రాదు."

"తమ్ముణ్ణి తోడు తీసుకుపో. తిరిగొచ్చాక వంకలు పెడుదువుగానీ."

*

గురువారం ఆరింటికి వ్యాను వచ్చింది. ఎక్కబోతూ కూడా పికున్ అప్పగింతలు పెడుతూనే ఉంది. నిమ్మకాయలు నీళ్ళకుండ పక్కన ఉన్నాయి. కత్తి నూరించాను, వేలు జాగ్రత్త. ఉప్పు ముందే వేస్తే నీరూరిపోతుంది. సంరిత్ ఆమె సంచి తీసుకుని ముందు సీటులో పెట్టాడు.

"బావా, ఫోను దగ్గర పెట్టుకో."

"నా ఫోను సంగతి నాకు తెలుసు. అక్కకి టీ ఇప్పించు."

ఏడింటికి మనుషులు దిగారు. తవిన్ పొలం అయిదు రై, అంటే రెండెకరాలు. రాత్రి వాన పడి మళ్ళు నిండుగా ఉన్నాయి. నారు తీసే వాళ్ళు తీస్తున్నారు, నాటేవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. పికున్ ఖోన్‌కేన్ వెళ్ళిందని అందరికీ తెలిసిపోయింది. ఫాన్ మామ ఒక్కడే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. తక్కినవాళ్ళు నవ్వులాటలు తగ్గించి తొందరగా నాటారు. పదకొండింటికల్లా సగం దాటింది. ఈ లెక్కన నాలుగింటికి గట్టెక్కొచ్చు.

తవిన్ గుడిసె దగ్గరకొచ్చి చేప తరిగాడు. ఎనిమిది కిలోలు. మెడ నుంచి చెమట మొద్దు మీద పడుతోంది. నిమ్మకాయలు పిండాడు. పాలిపోయింది. కారం, చేపనీళ్ళు, బియ్యప్పొడి. ఎంత వెయ్యాలో చెయ్యికి తెలీదు. ఇరవై తొమ్మిదేళ్ళు తిన్న నాలుకకి తెలుసు. చిటికెడు తీశాడు.

వేళ్ళ మధ్య అది మెత్తగా, చల్లగా ఉంది. నోటి దాకా వెళ్ళింది. చూడకుండా చాప మీద పెట్టడం కుదరదు. ఎవరో ఒకరు చూడాలి. పికున్ లేకపోతే రేపట్నుంచి ఉతిట్ పెళ్ళాం చూస్తుంది. లేకపోతే ఆమె కూతురు. ఇప్పటికే ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది చూస్తున్నారో.

చిటికెడు పళ్ళెంలో వేసేశాడు. మూకుడు తెచ్చి పొయ్యి మీద పెట్టి, ఎనిమిది కిలోలూ మూడు వాయిలుగా కుమ్మరించి గరిటెతో తిప్పాడు. నీరు ఊరి, పొంగి, ఇంకింది. ఉడికిన చేప వాసన మడి దాకా వెళ్ళింది.

చాప చుట్టూ కూర్చున్నవాళ్ళు పళ్ళెంకేసి చూశారు. కాసేపు ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"ఇదేంటి తవిన్?" అన్నాడు ఉతిట్. "ఆసుపత్రికి పోయింది పికున్ వదిన. పథ్యం మాకా?"

"ఉడికించాను. తినండి."

"బావమరిది నీకూ కార్డు తగిలించాడా?"

"నీ ఇష్టమొచ్చింది అనుకో. తిను."

"అనుకోవడం కాదు." ఉతిట్ గొంతులో వేళాకోళం పోయింది. "మా పొలాల్లో ఇరవై ఏళ్ళు నువ్వు పచ్చిది తిన్నావ్. నీ కోసమని చెరువులో మంచి చేప ఏరి పెట్టాం. మొన్న సోమవారం కూడా మూడుసార్లు వడ్డించుకున్నావ్. నీ వంతు వచ్చేసరికి ఉడకేసి పెడతావా? బదులంటే ఇదేనా?"

అందులో అబద్ధమేమీ లేదు. తవిన్ సారా సీసా మూత తీస్తూ ఆగాడు.

"ఉతిట్, మీ ఇంట్లో ఉప్పు ఎవరు చూస్తారు?"

"ఏం ఉప్పు?"

"కలిపేటప్పుడు. నాలుక మీద వేసుకుని చూస్తారు కదా. ఎవరు?"

"మా ఆవిడ. అయితే?"

"ఆవిడకి ఎప్పుడన్నా మాత్ర తెచ్చావా?"

ఉతిట్ తన సారా గ్లాసు పక్కకి జరిపాడు. పక్కవాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు, అన్నం బుట్టలకేసి చూశారు. కోపం తెప్పించే మాటలు చాలా ఉంటాయి. ఇది అలాంటిది కాదు, అందుకే ఎక్కువ కోపం తెప్పించింది. ఫాన్ మామ ముద్ద చేసి ఉడికిన చేపలో అద్దుకున్నాడు. నమిలాడు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు. ఇంకో ముద్ద అద్దుకున్నాడు.

భోజనాల తర్వాత పొమ్మని ఎవరూ అనలేదు, పోతామని ఎవరూ అనలేదు. ఒకడికి ట్రాక్టరులో డీజిలు పోయించాలని గుర్తొచ్చింది. ఒకడికి విహారంలో భిక్షువుగారి పని. ఇద్దరికి ఒకే గేదె తప్పిపోయింది. ఉతిట్ మాత్రం ఏ వంకా చెప్పలేదు. కాళ్ళు కడుక్కుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టు దాటాక ఒకసారి ఆగి, తల తిప్పకుండా ఇంటివైపు నడిచాడు. రెండింటికి మడిలో మిగిలింది తొమ్మిది మంది.

వాళ్ళతో కలిసి తవిన్ వంగాడు. నాలుగైదు మొక్కల కుచ్చు, బొటనవేలితో గుచ్చడం, అడుగు వెనక్కి. మళ్ళీ కుచ్చు. మూడున్నరకి ఫోను మోగింది. చెయ్యి తుడుచుకోకుండానే తీశాడు. సంరిత్.

"బావా, అదేనంట. కానీ ఒక్కవైపే ఉందంట. ఆ ముక్క తీసేయొచ్చంటున్నారు. శనివారం ఆపరేషన్. నువ్వు రేపు పొద్దున్నే వచ్చి సంతకం పెట్టాలి. పది పదిహేను రోజులు ఇక్కడే ఉండాల్సొస్తుంది."

"అక్క ఏమంటోంది?"

"నాట్లు అయ్యాయా అని అడుగుతోంది. ఏం చెప్పమంటావ్?"

తవిన్ పొలంకేసి చూశాడు. నాటిన మళ్ళలో మొక్కలు గాలికి ఒకవైపు వాలి ఉన్నాయి. వాగు వైపు నీళ్ళు ఖాళీగా మెరుస్తున్నాయి. గట్టు మీద నారు కట్టలు ఎండకి కొసలు ముడుచుకుంటున్నాయి. రేపు నాట్లు ఉతిట్ పొలంలో. ఖోన్‌కేన్ వెళ్తే అక్కడ తన బదులు తప్పుతుంది. తప్పినవాణ్ణి చీట్లలోంచి తీసేస్తారు. ఈ పదిహేను రోజులూ నారు ఆగదు.

"అయ్యాయని చెప్పు," అన్నాడు. "ఉప్పెక్కువైందన్నారని కూడా చెప్పు. నవ్వుతుంది. నువ్వేమన్నా తిన్నావురా?"

 "తిన్నాను బావా," అన్నాడు సంరిత్.

చీకటి పడేదాకా తొమ్మిది మందీ వంగారు. ఫాన్ మామని బలవంతంగా గట్టెక్కించాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున బస్సెక్కే ముందు తవిన్ వాగు వైపు వెళ్ళి, పనికిరాని నారు కట్టల్ని విప్పి గేదెలకి వేశాడు. అయిదు రై పొలంలో ఆ ఏడు నాటు పడకుండా పోయింది మూడు మళ్ళు, ఒకటీ ముప్పావు రై.